మట్టిగోడకు మేస్త్రీ ఎవరు?

కృష్ణా డెల్టా పల్లెల్లో పాతకాలం వాళ్ళ మాట జాగ్రత్తగా వింటే ఒక తేడా దొరుకుతుంది. ఇటుక గోడ కడతారు. మట్టిగోడ పెడతారు. తడికకు మట్టి మెత్తుతారు. నేల అలుకుతారు. ఈ నాలుగు పనుల్లో మొదటిదానికే మేస్త్రీ కావాలి. మిగతా మూడూ ఇంటివాళ్ళు చేసుకునేవి, సాయానికి ఇరుగుపొరుగు, మహా అయితే ఇద్దరు కూలీలు. తాపీ, రసమట్టం, మూలమట్టం, తూకపు గుండు సంచిలో వేసుకుని వచ్చే మనిషికి పాకల మధ్య పెద్దగా పనుండేది కాదు. ఆయన వచ్చేది గుడి కోసం, మోతుబరి పెంకుటింటి కోసం, కాలువ మీద లాకు కోసం.

ఈ మాట ముందే ఎత్తుకోవడానికి కారణం ఉంది. పర్యావరణం పేరుతో మట్టి ఇళ్ళ ప్రస్తావన కొన్నేళ్ళుగా మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. వారాంతపు శిక్షణలు, వీడియోలు, పత్రికల్లో రంగుల ఫొటోలు వస్తున్నాయి. వాటన్నిటి సారం ఒకటే: మన పూర్వపు మట్టి మేస్త్రీల విద్య అంతరించిపోతోంది, దాన్ని బతికించుకోవాలి. రాయలసీమ మట్టిమిద్దెల విషయంలో ఆ మాటకు బలముంది. విజయవాడకు దిగువన, ఉయ్యూరు నుంచి నాగాయలంక దాకా ఉన్న నేల మీద మాత్రం అది సగమే నిజం. ఇక్కడ మట్టి ఇల్లు ఉంది, మట్టి మేస్త్రీ లేడు. ఉన్నది ఇంటింటా పంచుకున్న ఒక పని. ఆ పని మానేసిన ఇళ్ళకు ఇప్పుడు ఒక వృత్తిని కొత్తగా తయారుచేసి ఇవ్వాలి. బతికించడం కంటే పుట్టించడం కష్టమని వేరే చెప్పనక్కర్లేదు.

ముందు మట్టి సంగతి. చవక ఇళ్ళ వాస్తుశిల్పి లారీ బేకర్ తరచూ చెప్పుకున్న గాంధీ మాట ఒకటుంది: ఇంటికి వాడే సరుకంతా కట్టే చోటికి ఐదు మైళ్ళ లోపలే దొరకాలని. ఆ కొలతబద్ద పట్టుకుని దివిసీమలో నిలబడితే ఏం దొరుకుతుంది? రాయి లేదు, గులక లేదు, మొరం లేదు. రాయి కావాలంటే కొండపల్లి, సీతానగరం, మంగళగిరి కొండల దాకా రావాలి. ఎర్రమట్టి కావాలంటే గన్నవరం దాటి నూజివీడు మెట్ట వైపు పోవాలి. చేతికి అందేవి నల్లరేగడి, కాలువ ఒండ్రు, లంకల ఇసుక, తీరాన చవుడు, చెట్టున తాటాకు, కళ్ళంలో వరిగడ్డి, మిల్లు దగ్గర ఊక. అంతే.

ఇందులో నల్లరేగడి పంటకు తల్లి, గోడకు సవతితల్లి. దానిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకరకం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో చేలో కాలు దిగేంత నెర్రె పడే మట్టితో గోడ పెడితే ఆ గోడా అదే పని చేస్తుంది. పైగా గోడ కింద పునాదిలోనూ అదే మట్టి. అమరావతిలో పెద్ద భవనాల పునాదులకు అంత ఖర్చు కావడానికీ, బందరు రోడ్డు వెంట కొత్త ఇళ్ళకు ఏడాది తిరగకుండా మూలల్లో బీటలు రావడానికీ మూలం ఈ నేలలోనే ఉంది. రూర్కీ భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున గడ్డలా ఉబ్బిన పైళ్ళను రూపొందించింది. పాత పాకకు ఈ బెడద తక్కువ. గోడ తేలిక, నేల కదిలితే పాకా దానితో కదిలేది. బీట పడితే పేడలో మట్టి కలిపి చేత్తో పూసేవాళ్ళు. పగలని ఇల్లు కట్టాలని వాళ్ళు అనుకోలేదు, పగిలిందాన్ని పూడ్చుకునే ఇల్లు కట్టుకున్నారు.

ఆ పాకను ఒకసారి నిదానంగా చూడాలి. నడుమ నిట్రాడ, చుట్టూ గుంజలు, వాటిమీద దూలం, దూలం నుంచి చూరు దాకా వాసాలు. ముదురు తాటిచెట్టు చేవ దూలమైతే చెదలు అంత తొందరగా ముట్టవు. గుంజల మధ్య వెదురు బద్దలతోనో, కందికంపతోనో అల్లిన తడిక. దానికి రెండు పక్కలా అడుసు మెత్తుతారు. అడుసు అంటే తవ్విన మట్టి కాదు. మట్టిలో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, నీళ్ళు పోసి, రెండు మూడు రోజులు మాగనిచ్చి, కాళ్ళతో తొక్కి తొక్కి ముద్దగా చేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెతను మనం తప్పు చేసి దిద్దుకోవడానికి వాడుతున్నాం గానీ, అది పుట్టిన చోట అడుసు తొక్కడం ఒక పూట పని. గడ్డి పోచ మట్టిని పట్టి ఉంచుతుంది, నెర్రెను పెద్దది కానివ్వకుండా వంద చిన్న గీతలుగా పంచేస్తుంది. పేడ వాన నీటిని కొంత ఆపుతుంది, దుమ్ము లేవనివ్వదు. పైన తాటాకు, లేదంటే రెల్లుగడ్డి. చూరు నడుమెత్తు దాకా దిగి ఉంటుంది. వంగితే తప్ప లోపలికి వెళ్ళలేం. ఆ వంగడంలో వినయమేమీ లేదు, గోడ మీద వాన పడకుండా కాపాడే లెక్క అది.

తీరం వెంట, ముఖ్యంగా బెస్తపల్లెల్లో, ఇదే ఇల్లు గుండ్రంగా మారి చుట్టిల్లు అవుతుంది. మూలలు లేవు కనుక గాలికి పట్టు దొరకదు, కప్పు శంకువులా ఉండి గాలిని పక్కలకు జార్చేస్తుంది. కచ్ ఎడారిలో భూంగాలు కూడా గుండ్రటివే. 2001 జనవరి 26 భూకంపంలో పక్కనున్న రాతి ఇళ్ళు కూలినచోట వాటిలో చాలా నిలబడ్డాయి. విజయవాడ భూకంపాల పటంలో మూడో మండలంలో ఉంది, కనుక గుండ్రటి గోడ గుణం మనకూ పనికొచ్చేదే. కానీ చుట్టింట్లో మంచం వేసుకోవడం, బీరువా పెట్టుకోవడం ఎంత తిప్పలో అందులో ఉన్నవాళ్ళను అడగాలి. పొగడ్తలు రాసేవాళ్ళు ఎక్కువగా బయటి నుంచే చూశారు.

ఇంకో సంగతి బయటి నుంచి అసలు కనపడదు. ఈ ఇల్లు ఒకసారి కట్టి వదిలేసే వస్తువు కాదు, ఏటా చేసే పని. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. వానాకాలం వెళ్ళాక అడుగున కరిగిన గోడకు మట్టి ఎత్తాలి. నేల వారానికి ఒకటి రెండుసార్లు అలకాలి, పండగొస్తే గోడలూ అలకాలి. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళది. పేడ ఎత్తింది, మట్టి కలిపింది, మోకాళ్ళ మీద కూర్చుని అలికింది వాళ్ళే. ఏ లెక్కలోనూ దానికి కూలి పడలేదు. మట్టి ఇల్లు చవక అనే మాటలో ఆ కూలి ఎగ్గొట్టిన సొమ్ము కలిసి ఉంది. సిమెంటు గచ్చు వచ్చినప్పుడు ముందు సంతోషించింది ఎవరో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆ సంతోషాన్ని అజ్ఞానంగా తీసిపారేసే వ్యాసాలు చదివినప్పుడల్లా, రాసినవాళ్ళు ఎన్ని వారాలు నేల అలికారో కనుక్కోవాలనిపిస్తుంది.

అయినా డెల్టాలో మట్టి ఇంటిని చంపింది సిమెంటు కాదు, నీళ్ళు. 1864 నవంబరులో బందరు మీదికి వచ్చిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని తీసుకుపోయిందని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి అదే సముద్రం మళ్ళీ వచ్చింది. అధికారిక అంచనాలే పదివేల ప్రాణాలన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే ఇప్పటికీ ఆ రోజు చూసినవాళ్ళ గొంతు మారుతుంది. ఆ ఉప్పెన తర్వాత మట్టిగోడ, తాటాకు కప్పు అనే మాటలు ఇంటి పేర్లుగా మిగల్లేదు, చావు పేర్లయ్యాయి. 1990 మే 9 తుఫాను కృష్ణ సాగరసంగమం దగ్గరే తీరం దాటి ఆ ఉప్పెనను మరోసారి గుర్తుచేసింది.

న్యాయంగా చూస్తే ఉప్పెనకు ఇటుక గోడా ఆగదు. మనుషుల ఎత్తుకు మూడింతలు నీళ్ళు వస్తే కావలసింది ఎత్తైన తుఫాను షెల్టరు, ముందస్తు హెచ్చరిక. 1990లో ప్రాణనష్టం వెయ్యికి లోపే ఆగడానికి గోడలు మారడం కంటే జనాన్ని ముందుగా కదిలించడమే ఎక్కువ కారణం. కానీ భయపడ్డ జనానికి ఈ తర్కం ఎక్కదు, ఎక్కాలని అడగడమూ సబబు కాదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చాక పక్కా ఇల్లు అన్నది పేదవాడి హక్కుకు ఇంటిపేరైంది. వేసవిలో ఒక నిప్పురవ్వకు వరసగా వాడలు వాడలే తగలబడే తాటాకు పల్లెలకు అది చిన్న విషయం కాదు.

పక్కా అన్న మాట వచ్చాక కచ్చా అన్న మాటకు బలం పెరిగింది. 2011 నాటి సామాజిక ఆర్థిక గణనలో మట్టి లేదా కాల్చని ఇటుక గోడ ఉన్న ఇల్లు కచ్చాదే. గోడ ఎంత మందం, ఎలా పెట్టారు, ఎన్నేళ్ళుగా నిలబడింది అన్న ప్రశ్నలకు ఆ పట్టికలో చోటు లేదు. మట్టిగోడ అంటే లేమికి గుర్తు, సాయానికి అర్హత. అలాంటప్పుడు సాయం అందుకున్నవాడు మళ్ళీ మట్టిగోడ ఎందుకు పెడతాడు? భారత ప్రమాణాల సంస్థ మాత్రం వేరే గదిలో కూర్చుని మట్టి దిమ్మెలకు ప్రమాణం రాసింది. ఐఎస్ 1725ను 1982లో, మళ్ళీ 2013లో సవరించింది. 1993లో మట్టి కట్టడాలను భూకంపానికి తట్టుకునేలా చేయడానికి ఐఎస్ 13827 ఇచ్చింది. ఒక శాఖ మట్టికి కొలతలు రాస్తుంటే ఇంకో శాఖ మట్టిని పేదరికంగా లెక్కపెట్టింది.

మట్టి పోయి దాని చోట వచ్చినవాటిని కూడా చూడాలి కదా. ముందుగా ఇటుక. అది డెల్టాకు కొత్త కాదు. భట్టిప్రోలు మహాస్తూపాన్ని రెండు వేల ఏళ్ళకు పైగా వెనక్కి ఇదే ఒండ్రును కాల్చి కట్టారు. 1892లో పురావస్తువేత్త అలెగ్జాండర్ రే తవ్వే నాటికి ఆ ఇటుకలు చాలావరకు రోడ్ల కింద పోయాయి. బందరు కోట శిథిలాల్లో సున్నమూ ఇటుకా ఇంకా కనిపిస్తాయి. కానీ గుడికీ కోటకూ కాల్చడం వేరు, ప్రతి ఇంటికీ కాల్చడం వేరు. ఇటుక బట్టీకి పోయేది పొలం పైపొర, అంటే పంట తినే పొర. కాల్చడానికి బొగ్గు, కట్టె, ఊక. మోయడానికి ఒడిశా నుంచి ముందే బయానా తీసుకుని వచ్చిన కుటుంబాలు.

రెండోది బూడిద ఇటుక. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979లో మొదలైంది. అప్పటి నుంచి కుప్పపడుతున్న బూడిదకు ఇటుక ఒక దారి చూపింది. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే గట్టిపడే ఫాల్‌-జి పద్ధతిని తయారుచేసింది విశాఖపట్నానికి చెందిన భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు. తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవలసిన పని ఇది, చెప్పుకోవడం మాత్రం తక్కువ. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపలి బట్టీలు మట్టిలో నాలుగో వంతు బూడిద కలపాలని 1999లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాని ఉద్దేశాల్లో పైమట్టిని కాపాడటం కూడా ఒకటి. విజయవాడ చుట్టుపక్కల మేస్త్రీకి నేడు మట్టి ఇటుకకు పోటీ ఏదంటే ఈ బూడిద ఇటుకే. పర్యావరణం మాటకొస్తే దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. బొగ్గు కాలుతున్నంత కాలం బూడిద వస్తూనే ఉంటుంది. మట్టి ఇల్లు మంచిదని వాదించేవాళ్ళు ఎర్రటి కాల్చిన ఇటుకతోనే పోల్చి గెలిచేస్తున్నారు, ఈ బూడిద ఇటుకతో పోల్చడం లేదు.

మూడోది కాంక్రీటు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటుదేనని అంచనా. ఆ లెక్క అలా ఉంచి తీరపు ఊళ్ళకు వెళ్ళండి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి, స్లాబు పెచ్చులూడి, కడ్డీలు బయటపడ్డ కాలనీ ఇళ్ళు కనిపిస్తాయి. శాశ్వతమన్నదానికి ముప్పై నలభై ఏళ్ళకే ఆయుష్షు తీరింది. పాకకు బీట పడితే ఇంట్లోవాళ్ళే పూసుకునేవారు, స్లాబు పెచ్చు ఊడితే వాళ్ళ చేతిలో ఏమీ లేదు. ఇసుక సంగతి 2019లో తేలిపోయింది. ఆ ఏడాది ఇసుక కొరత వచ్చి రాష్ట్రమంతటా పనులు ఆగినప్పుడు, పక్కనే కృష్ణ ఉన్నా బెజవాడ అడ్డాల మీద మేస్త్రీలు పొద్దెక్కేదాకా నిలబడి ఇంటికి పోయారు. ఒకే సరుకు మీద ఒక వృత్తి మొత్తం నిలబడితే ఏమవుతుందో అప్పుడు అందరూ చూశారు.

ఇక మట్టి వైపు జరిగిన ప్రయత్నాలు. 1956లో కొలంబియాలో రౌల్ రామిరెజ్ సిన్వా-రామ్ అనే చేతి ప్రెస్సు తయారుచేశాడు. తడి మట్టిలో కాస్త సిమెంటు కలిపి అందులో ఒత్తితే కాల్చకుండానే దిమ్మె తయారవుతుంది. మన దేశంలో 1974లో బెంగళూరు ఐఐఎస్సీలో ఏకేఎన్ రెడ్డి మొదలుపెట్టిన ఆస్ట్రా బృందం, అందులో కేఎస్ జగదీశ్, ఈ దిమ్మెల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1989 నుంచి ఆరోవిల్ భూ సంస్థ ప్రెస్సులనూ, శిక్షణనూ, అంతస్తుల ఇళ్ళనూ చూపించింది. మట్టిదిమ్మె బడాయి కాదని రుజువు చేయడానికి ఇవి చాలు.

అయితే వంటకం ఎవరి మట్టికి రాశారో చూడాలి. సిమెంటు కలిపే దిమ్మెకు ఆరోవిల్ చెప్పే మంచి మట్టిలో నూటికి 15 పాళ్ళు గులక, 50 ఇసుక, 15 ఒండ్రు, 20 బంక ఉండాలి. బెంగళూరు, పుదుచ్చేరి ఎర్రనేలలు దీనికి దగ్గర. మన నల్లరేగడిలో బంకే సగం ఉంటుంది. దానికి ఐదు శాతం సిమెంటు కలిపినా ఆ బంక సిమెంటును ముద్దల్లో చుట్టేసి పని చేయనివ్వదు. ఇక దారులు రెండు. ఒకటి, నూజివీడు వైపు నుంచి ఎర్రమట్టి టిప్పర్లలో తెప్పించడం. అప్పుడు కొండ తరుగుతుంది, డీజిల్ కాలుతుంది, ఐదు మైళ్ళ మాట గాల్లో కలుస్తుంది. ఆ వైపు మట్టి తవ్వకాల మీద ఇప్పటికే ఎంత గొడవ ఉందో పేపరు చదివేవాళ్ళకు తెలుసు. రెండోది, నల్లమట్టిలో లంక ఇసుకో కాలువ ఒండ్రో కలిపి, సిమెంటు బదులు సున్నం వేయడం. సున్నం బంకతో కలిసి దాని ఉబ్బే గుణాన్ని తగ్గిస్తుంది, నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. మిల్లుల ఊక బూడిదలో సిలికా పుష్కలం. సరిగ్గా కాలిన బూడిదను సున్నంతో కలిపితే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది. డెల్టాలో సున్నం మన చేతి విద్యే. ఇటుకపొడి వేసి గానుగ పట్టిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు, అద్దంలా మెరిసే గచ్చు విజయవాడ వన్‌టౌన్ పాత ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. డెల్టాలో కాపాడుకోవలసిన పాత మేస్త్రీ విద్య ఒకటుందంటే అది ఈ సున్నం పని. మట్టికి మేస్త్రీ దొరకడంటే నేను ముందు వెతికేది సున్నం తెలిసిన ముసలి చేతుల్ని.

వాస్తుశిల్పి హసన్ ఫాతీ కథ ఇక్కడ గుర్తుకు రావాలి. ఈజిప్టులో కొత్త గుర్నా ఊరు కట్టడానికి ఆయన అస్వాన్ వైపు నుంచి నూబియా మేస్త్రీలను తెచ్చుకున్నాడు. చెక్క ఆధారం లేకుండా మట్టి ఇటుకతో కమాను కట్టే విద్య వాళ్ళ దగ్గర తరాలుగా ఉంది. మేస్త్రీలు దొరికారు, ఊరు లేచింది, ఆ ఊరికి రావలసిన జనం రాలేదు. మన దగ్గర జనం ఉన్నారు, నూబియా మేస్త్రీలు లేరు. మనకు దగ్గరి పోలిక బంగ్లాదేశ్‌లో ఉంది. దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో వాస్తుశిల్పి అన్నా హెరింగర్ 2005లో ఊరివాళ్ళతో కలిసి కట్టిన మట్టి బడి, 2007లో ఆగాఖాన్ వాస్తు బహుమతి పొందింది. అదీ వరి నేలే, వాన నేలే. అక్కడా గడ్డి కలిపిన అడుసునే పశువులతో తొక్కించారు. కాకపోతే కింద ఇటుక పునాది, దాని మీద తడి ఎక్కకుండా పొర, పైన వెదురు అంతస్తు, బాగా బయటికి వచ్చిన చూరు. మట్టిని మార్చలేదు. దాని కాళ్ళ కిందా, తల మీదా జాగ్రత్త పెంచారు. ఆ పని చేయగలిగే మనుషుల్ని కడుతూ కడుతూ తయారుచేశారు. కచ్‌లోని భుజ్‌లో హున్నర్‌శాల సంస్థ 2001 భూకంపం తర్వాత ఇదే దారిలో వెళ్ళి, కారీగర్‌శాల పేరుతో కుర్రాళ్ళకు చేతిపని నేర్పుతోంది.

చల్లదనం గురించి ఒక మాట. మందపాటి మట్టిగోడ ఇల్లు చల్లగా ఉంటుందనేది రాయలసీమకు బాగా వర్తిస్తుంది. అక్కడ పగలు మండినా రాత్రి గాలి చల్లబడుతుంది, గోడ తాగిన వేడిని రాత్రికి వదిలేస్తుంది. బెజవాడ మే నెలలో రాత్రి కూడా ఉక్కగానే ఉంటుంది. వేడి తాగిన మందపు గోడ ఆ వేడిని తెల్లవారుజామున మన మంచం మీదికే వదులుతుంది. డెల్టా పాకలు పల్చటి తడిక గోడతో, మందపాటి తాటాకు కప్పుతో ఉండటం పేదరికం వల్లే కాదు. ఎండను ఆపేది కప్పు, చెమట ఆర్చేది గాలి. 2015 వేసవి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. వేడి మీద మాట్లాడాలంటే ఇక్కడ గోడ కంటే ముందు కప్పు గురించి మాట్లాడాలి. మట్టి ఇళ్ళ ప్రచారకులు దీన్ని దాటేసి పోతున్నారు.

నీటి మాట దాటేసి పోవడానికి మాత్రం వీల్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బరాజు దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, అంతకు ముందెన్నడూ చూడని ప్రవాహం అది. వారం పాటు నడుమెత్తు నీళ్ళలో నిలిస్తే వట్టి మట్టిగోడ కరిగి కూర్చుంటుంది. గడ్డి, పేడ, ప్రేమ ఏవీ దాన్ని ఆపవు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, డెల్టాలో వరదనీరు ఎక్కిన గుర్తు ఎక్కడ ఉందో అక్కడి దాకా మట్టి పెట్టకూడదు. అంతవరకూ రాయి, కాల్చిన ఇటుక, బూడిద ఇటుక ఏదైనా సరే. ఆ గుర్తుకు పైన సున్నం కలిపిన దిమ్మె, తడిక మీద మట్టి, సున్నపు పూత రావచ్చు. లోపలి గోడలకు మట్టి పూత ఎక్కడైనా మంచిదే, గాలిలో చెమ్మ ఎక్కువైతే తాగి, తగ్గితే వదులుతుంది. కొల్లేటి లంకల్లో పాతవాళ్ళు ముందు దిబ్బ వేసి తర్వాత ఇల్లు వేసుకునేవాళ్ళు. పల్లపు చేలల్లో సెంటు, సెంటున్నర చొప్పున పంచిన ఇళ్ళస్థలాలకు అన్నిటికంటే ముందు కావలసింది ఆ మెరకే.

ఇప్పుడు మళ్ళీ మేస్త్రీ దగ్గరికి. అడ్డా మీద మట్టి పని మాటెత్తితే వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “మట్టికి గ్యారంటీ ఎవరిస్తారండీ?” అందులో వెటకారం లేదు. ఇటుక పనిలో తప్పు జరిగితే ప్లాస్టరింగు కప్పేస్తుంది. మట్టిలో తప్పు మొదటి వానకే ఊరందరికీ కనపడుతుంది. మట్టి ఎంచడం చేతికి రావాలి. ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే ఎలా చెదిరింది, సీసాలో నీళ్ళు పోసి కుదిపితే ఇసుక, ఒండ్రు, బంక ఎంతెంత పొరలుగా దిగాయి, పళ్ళ మధ్య వేస్తే కరకరమందా జిగటగా అంటుకుందా అన్నవి పుస్తకంలో ఒక పేజీ, చేతిలో రెండేళ్ళు. ఒత్తిన దిమ్మెను నాలుగు వారాలు నీడలో తడి ఆరకుండా ఉంచాలి. కూలి రోజుకు లెక్క, ఇంటాయనకు అద్దె నెలకు లెక్క, మధ్యలో ఆ నాలుగు వారాలు ఎవరి ఖాతాలో పడాలి?

ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ పథకంలో మేస్త్రీలకు 45 రోజుల శిక్షణ ఉంది, నిజమైన ఇల్లే కడుతూ నేర్పే పద్ధతిలో. చట్రం మంచిదే. కానీ నేర్పేది ఎక్కువగా ఇటుక, కాంక్రీటు. నేర్చుకున్నవాడికి తర్వాత దొరికే పనీ అదే కనుక ఎవరినీ తప్పుపట్టలేం. ప్రభుత్వ ధరల పట్టికలో లేని పనికి బిల్లు పుట్టదు, బిల్లు పుట్టని పనికి కాంట్రాక్టరు రాడు. నాలుగు ఊళ్ళలో అంగన్‌వాడీ గది, పంచాయతీ అరుగు, పశువుల కొట్టం లాంటి చిన్న కట్టడాలకు సున్నపు మట్టిదిమ్మెను పట్టికలోకి ఎక్కిస్తే, పెద్ద సభల కంటే ఎక్కువ మంది నేర్చుకుంటారు.

రుతువు కూడా అడ్డొస్తుంది. జూన్ నుంచి వాన, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. మట్టి పనికి దొరికేది జనవరి నుంచి మే దాకా ఐదు నెలలు. మిగతా ఏడు నెలలు ఆ మనిషి బూడిద ఇటుకే కడతాడు, స్లాబు పనికే వెళతాడు. కనుక మట్టి మేస్త్రీ అని విడిగా ఒకడు ఉంటాడని ఆశపడకూడదు. మామూలు తాపీ మేస్త్రీకే మట్టీ, సున్నమూ కూడా తెలిసి ఉండాలి. అలికే పని కూలి పనిగా మారితే ఆడవాళ్ళకూ అందులో చోటుండాలి. తరతరాలుగా మట్టి పాకం చేతికి తెలిసింది వాళ్ళకే కదా, తట్ట మోయించి పంపేస్తే ఆ తెలివి అక్కడే ఆగిపోతుంది.

ఏటా మరమ్మతుకు డబ్బిచ్చే అలవాటు మన జనానికి లేదని ఇంజనీర్లు అంటుంటారు. అలవాటు ఉంది. ధనుర్మాసం రాగానే డెల్టాలో ఏ ఊరికైనా వెళ్ళి చూడండి. కోతలై గడ్డి కళ్ళానికి చేరి ఉంటుంది, తుఫాన్ల గండం గడిచి ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది. కుంచెలూ డబ్బాలూ పట్టుకుని సున్నాలు వేసేవాళ్ళు వీధి వీధీ తిరుగుతుంటారు. సంక్రాంతి లోపు గోడలు తెల్లబడాలని, బేరమాడైనా సరే, ప్రతి ఇల్లూ వాళ్ళకు డబ్బిస్తుంది. గోడ అడుగు తడిమి, కరిగినచోట మట్టి ఎత్తి, చూరు సర్ది, పైన సున్నం పూసి పోయే మనిషి రావలసిన నెల కూడా అదే.